నడుస్తున్న యంత్రంలో మెమరీ చేర్పు, తొలగింపు: లినక్స్ కెర్నల్‌లో ఆర్కిటెక్చర్ వారీ మద్దతు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ పనిచేస్తూ ఉండగానే దానికి మెమరీని చేర్చడాన్ని, దాని నుంచి మెమరీని తొలగించడాన్ని కలిపి మెమరీ హాట్‌ప్లగ్ అంటారు. లినక్స్ కెర్నల్‌లో ఈ సదుపాయం 2006 నుంచి 2024 వరకు ఒక్కొక్క ఆర్కిటెక్చర్‌కు ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క రూపంలో సమకూరింది. ఈ తేడాలకు ప్రాసెసర్ల ఆదేశాలలోని భేదం కొంతవరకే కారణం. ఆ యంత్రంలో మెమరీ మీద తుది అధికారం ఎవరిదన్నది అంతకంటె బలమైన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చేర్పు కంటె తొలగింపు ఆలస్యం కావడానికి గల కారణాలను, పవర్, ఎస్390, ఎక్స్86-64, ఆర్మ్64, రిస్క్-5 ఆర్కిటెక్చర్ల అనుభవాలను ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లినక్స్ కెర్నల్, మెమరీ హాట్‌ప్లగ్, ఆర్కిటెక్చర్, పేజీ పట్టికలు, హైపర్‌వైజర్, ఫర్మ్‌వేర్, పేజీల తరలింపు.

1. ఉపోద్ఘాతం

ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్ర రాసేవారు ఎక్కువగా ప్రోగ్రాముల నిర్వహణ గురించి, ఫైళ్ల అమరిక గురించి, నెట్‌వర్క్ గురించి రాస్తారు. మెమరీ ప్రస్తావన వచ్చినా అది ఉన్న మెమరీని ఎలా పంచుతారన్న చర్చగానే సాగుతుంది. ఆ ఉన్న మెమరీ ఎంత అన్నది యంత్రం ఆన్ అయిన క్షణంలోనే తేలిపోతుందని, ఆఫ్ చేసేదాకా అది మారదని చాలాకాలం పాటు కెర్నల్ రచయితలు నమ్మారు. ఆ నమ్మకాన్ని సడలించడానికి జరిగిన ప్రయత్నమే మెమరీ హాట్‌ప్లగ్ చరిత్ర.

ఇందులో పరిభాషకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. 'హాట్' అన్న మాటను 'ఉష్ణ' అని అనువదిస్తే అర్థం దారి తప్పుతుంది. విద్యుత్తు ప్రసారం ఆగకుండా, పని నిలవకుండా ఉన్న స్థితి అని ఇక్కడ దాని భావం. కెర్నల్ ఈ పనిని నాలుగు దశలుగా విభజించుకుంటుంది. కొత్త మెమరీ ఉనికిని గుర్తించి దానికి లెక్కల పుస్తకం తెరవడం మొదటిది. దానిని ఈ వ్యాసం 'చేర్పు' అంటుంది. ఆ మెమరీని వాడకానికి విడుదల చేయడం 'ప్రవేశం'. వాడకంలో ఉన్న మెమరీని ఖాళీ చేయించి పక్కన పెట్టడం 'ఉపసంహరణ'. లెక్కల పుస్తకాన్ని మూసి, యంత్రం నుంచి వేరు చేయడం 'తొలగింపు'. ఈ నాలుగింటిని వేరువేరుగా చూడకపోతే, ఒక ఆర్కిటెక్చర్‌కు హాట్‌ప్లగ్ మద్దతు ఉందా లేదా అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. చేర్పు ఉండి తొలగింపు లేని ఆర్కిటెక్చర్లు ఉన్నాయి. ఉపసంహరణ ఉండి తొలగింపు లేనివీ ఉన్నాయి.

ఈ విషయానికి ఆర్థిక ప్రాధాన్యం కూడా ఉంది. ఆగకూడని యంత్రంలో చెడిపోతున్న మెమరీ పలకను మార్చగలగడం మొదటి అవసరం. ఒకే యంత్రాన్ని అనేకులకు అద్దెకిచ్చే కాలంలో, ఒకరికి ఇచ్చిన మెమరీని వారి పని ఆపకుండా వెనక్కి తీసుకొని మరొకరికి ఇవ్వగలగడం రెండవ అవసరం. వెనక్కి రాని మెమరీ, ఎవరికీ ఉపయోగపడకపోయినా ఎవరో ఒకరు ఖరీదు చెల్లిస్తూనే ఉండవలసిన మెమరీ.

2. లినక్స్‌కు పూర్వం

నడుస్తున్న యంత్రం ఆకృతిని మార్చవచ్చునన్న ఆలోచన లినక్స్‌తో పుట్టలేదు. మల్టిక్స్ వ్యవస్థ ఆధారంగా రోజర్ షెల్ 1971లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి సమర్పించిన పరిశోధన గ్రంథానికి ఇదే విషయం. ప్రాసెసర్లను, మెమరీ పెట్టెలను వ్యవస్థ ఆగకుండా కలపడం, విడదీయడం ఎలాగో ఆ గ్రంథం చర్చించింది. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల మీద నడిచిన ఎంవీఎస్ వ్యవస్థలో కూడా భౌతిక మెమరీలో కొంత భాగాన్ని పునర్విన్యాసానికి అనువుగా ముందే కేటాయించుకొనే పద్ధతి ఉండేది.

1997లో సన్ సంస్థ విడుదల చేసిన ఎంటర్‌ప్రైజ్ 10000 సర్వర్ 64 ప్రాసెసర్ల వరకు పట్టే యంత్రం. నడుస్తుండగానే దాని బోర్డులను ఒక విభాగం నుంచి మరొక విభాగానికి మార్చవచ్చు. ఒక బోర్డును తీయాలంటే దానిమీది మెమరీ ఖాళీ కావాలి. కెర్నల్ సొంత పేజీలు బోర్డులన్నిటిలో చెదిరి ఉంటే అది సాధ్యం కాదు. అందుకు సొలారిస్ రచయితలు కెర్నల్ పేజీలను కొద్ది బోర్డులకే పరిమితం చేసే ఏర్పాటు చేశారు. దానికి వారు 'పంజరం' అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. దశాబ్దం తరువాత లినక్స్ చేరుకున్న పరిష్కారానికి ఇది దగ్గరి పూర్వరూపం.

ఈ యంత్రాలన్నిటిలోను హార్డ్‌వేరును, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసింది ఒకే సంస్థ, లేదా పరస్పరం ఒప్పందం ఉన్న సంస్థలు. బోర్డు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో కెర్నల్‌కు ముందే తెలుస్తుంది. లినక్స్‌కు ఆ సౌకర్యం లేదు. అది ఒకే మూలపాఠంతో పలు సంస్థల యంత్రాల మీద నడవాలి.

3. బూట్ సమయంలో గీసిన పటం

1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన తొలి లినక్స్ ఇంటెల్ 386 ప్రాసెసర్‌కు మాత్రమే ఉద్దేశించినది. 1995 మార్చిలో వెలువడిన 1.2 వెర్షన్ నాటికి ఆల్ఫా, స్పార్క్, మిప్స్ ప్రాసెసర్లకు కూడా స్థానం లభించింది. అప్పటి నుంచి కెర్నల్ మూలపాఠంలో ఒక సరిహద్దు స్థిరపడింది. అన్ని యంత్రాలకు సమానమైనది ఒక వైపు, ఆర్కిటెక్చర్‌కు ప్రత్యేకమైనది 'ఆర్చ్' అనే విభాగంలో మరొక వైపు. మెమరీ హాట్‌ప్లగ్ చరిత్రను ఈ సరిహద్దు ఎటు జరిగిందన్న చరిత్రగా కూడా చదవవచ్చు.

లినక్స్ మెమరీని పేజీలుగా లెక్కిస్తుంది. ఎక్కువ యంత్రాలలో పేజీ పరిమాణం 4096 బైట్లు. ప్రతి భౌతిక పేజీకి ఒక వివరపత్రం ఉంటుంది. 64 బిట్ల యంత్రాలలో దాని పరిమాణం సాధారణంగా 64 బైట్లు. అంటే మెమరీలో 64వ వంతు మెమరీని గురించిన లెక్కలకే పోతుంది. తొలినాళ్లలో ఈ వివరపత్రాలన్నీ ఒకే వరుసలో ఉండేవి. ఆ వరుస పొడవు బూట్ సమయంలోనే తేలిపోయేది. నడుమ ఖాళీలున్న యంత్రాల కోసం 'డిస్‌కంటిగ్‌మెమ్' అనే రెండవ నమూనా వచ్చినా, అదీ బూట్ నాటి లెక్కనే నమ్ముకుంది.

రెండవ బంధం ఇంతకంటె గట్టిది. కెర్నల్ భౌతిక మెమరీనంతటినీ తన చిరునామాల పరిధిలో ఒక స్థిరమైన అంతరంతో ప్రతిబింబించుకుంటుంది. భౌతిక చిరునామాకు ఒక స్థిరసంఖ్య కలిపితే కెర్నల్ చిరునామా వస్తుంది. దీనిని ప్రత్యక్ష చిత్రణ అనవచ్చు. ఈ ఏర్పాటు వేగవంతమైనది, సరళమైనది. కాని కెర్నల్ తన కోసం తీసుకున్న పేజీని దీనివల్ల కదపలేదు. వినియోగదారు ప్రోగ్రాము పేజీకి భౌతిక స్థానం మారినా, పేజీ పట్టికలో ఒక పంక్తి దిద్దితే ఆ ప్రోగ్రాముకు తేడా తెలియదు. కెర్నల్ పేజీకి మాత్రం చిరునామాయే ఉనికి. ఇంట్లో సామాను జరిపినంత సులభంగా పునాదిరాయిని జరపలేనట్లే ఇదీ.

2004లో ఒట్టావా లినక్స్ సదస్సులో ఐబీఎం, ఇంటెల్ సంస్థల ఇంజినీర్లు డేవ్ హాన్సెన్, మైక్ క్రావెట్జ్, బ్రాడ్ క్రిస్టియాన్‌సెన్, మాట్ టోలెంటినో హాట్‌ప్లగ్ మెమరీ గురించి ఒక పత్రం సమర్పించారు. ఈ బంధాలను సడలించే ప్రయత్నం ఆ కాలం నుంచే బలపడింది. మొదటి ఫలితం 'స్పార్స్‌మెమ్' అనే మూడవ నమూనా. 2005 ఆగస్టులో వచ్చిన 2.6.13 వెర్షన్‌లో అది చేరింది. ఇది మెమరీని సమాన పరిమాణం గల ఖండాలుగా విభజిస్తుంది. ప్రతి ఖండానికి వివరపత్రాల వరుస విడిగా ఉంటుంది. కనుక ఒక ఖండం కొత్తగా వచ్చినా, ఉన్నది పోయినా మిగిలిన లెక్కలు చెదరవు. ఈ పునాది లేకపోతే హాట్‌ప్లగ్ లేదు. కాలక్రమంలో స్పార్స్‌మెమ్ డిస్‌కంటిగ్‌మెమ్‌ను పూర్తిగా తప్పించింది. 2021లో 5.14 వెర్షన్‌తో ఆ పాత నమూనా కెర్నల్ నుంచి నిష్క్రమించింది.

4. చేర్పు: 2006

2006 జనవరిలో వచ్చిన 2.6.15 వెర్షన్‌తో మెమరీ చేర్పు లినక్స్ ప్రధాన శాఖలో భాగమైంది. ఈ పనిలో ఆర్కిటెక్చర్‌కు అప్పగించిన ముఖ్య బాధ్యత 'ఆర్చ్_యాడ్_మెమరీ' అనే ఫంక్షన్‌గా స్థిరపడింది. కొత్త భౌతిక మెమరీకి ప్రత్యక్ష చిత్రణలో చోటు కల్పించడం, అందుకు పేజీ పట్టికలు రాయడం, ఆపై సామాన్య భాగాన్ని పిలిచి వివరపత్రాలు తయారు చేయించడం దాని విధి. వచ్చిన మెమరీ ఏ నోడ్‌కు, అంటే ఏ ప్రాసెసర్ సముదాయానికి దగ్గరదో చెప్పడం ఆర్కిటెక్చర్ వంతైన మరొక పని.

ప్రవేశం కోసం ఒక సామాన్య ముఖద్వారం ఏర్పడింది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి మెమరీ దిమ్మెకు ఒక ఫైలు ఉంటుంది. నిర్వాహకుడు అందులో 'ఆన్‌లైన్' అని రాస్తే ఆ దిమ్మె వాడకంలోకి వస్తుంది. ఖండం ఎంత ఉండాలన్నది మాత్రం ఆర్కిటెక్చర్లు ఎవరికివారే నిర్ణయించుకున్నాయి. 64 బిట్ల పవర్‌లో 16 మెగాబైట్లు, ఎక్స్86-64లో 128 మెగాబైట్లు, ఎస్390లో 256 మెగాబైట్లు, ఐటానియంలో 1 గిగాబైటు.

ఈ సంఖ్యలు యాదృచ్ఛికం కావు. పవర్ యంత్రాలలో హైపర్‌వైజర్ 16 మెగాబైట్లంత చిన్న ముక్కలుగా కూడా మెమరీని పంచేది. అందుకే కెర్నల్ ఖండం అంత చిన్నది. ఐటానియం సర్వర్లలో పెద్ద పలకలు, బోర్డులు కదిలేవి. అందుకే అక్కడ ఖండం అంత పెద్దది. మెమరీ ఏ రూపంలో చేతులు మారుతుందో దానిని బట్టి ఖండం పరిమాణం ఏర్పడింది.

5. తొలగింపు: కదలని పేజీల సమస్య

చేర్పులో విఫలమైతే కొత్త మెమరీ దొరకదు, అంతే. ఉపసంహరణకు మాత్రం ఆ దిమ్మెలోని ఒక్కొక్క పేజీ ఖాళీ కావాలి. 32,768 పేజీలున్న 128 మెగాబైట్ల ఖండంలో ఒక్క కెర్నల్ పేజీ మిగిలినా ఖండమంతా నిలిచిపోతుంది.

ఈ సమస్యను మూడు మెట్లలో ఎదుర్కొన్నారు. మొదటిది పేజీల తరలింపు. 2006 మార్చిలో 2.6.16 వెర్షన్‌లో ఇది వచ్చింది. ప్రోగ్రాము నడిచే ప్రాసెసర్‌కు దాని పేజీలను దగ్గర చేయడం దీని తొలి ప్రయోజనం. హాట్‌ప్లగ్‌కు అది వరంగా మారింది. రెండవది కదిలే పేజీల మండలం. మెల్ గోర్మన్ కృషితో 2007 అక్టోబరులో 2.6.23 వెర్షన్‌లో ఇది చేరింది. తరలించగల పేజీలకు మాత్రమే ఈ మండలంలో చోటు. సొలారిస్ కెర్నల్‌ను పంజరంలో పెట్టింది. లినక్స్ అదే పనిని తిరగేసి, కెర్నల్ ప్రవేశించరాని ప్రాంతాన్ని గీసింది. మూడవది ఉపసంహరణ. ఫుజిట్సు సంస్థకు చెందిన కమెజావా హిరొయుకి ప్రధానంగా రూపొందించిన ఈ భాగం 2008 జనవరిలో 2.6.24 వెర్షన్‌లో వెలువడింది. దిమ్మెలోని పేజీలను ముందుగా ఒంటరి చేసి, కొత్త కేటాయింపులను ఆపి, ఉన్నవాటిని తరలించి, మిగిలినవి ఉంటే మళ్లీ ప్రయత్నించడం దీని పద్ధతి.

కదిలే మండలానికి మూల్యం ఉంది. దానిని ఎంత పెంచితే కెర్నల్ సొంత అవసరాలకు అంత తక్కువ మిగులుతుంది. కదిలే మెమరీ, కెర్నల్‌కు అందే మెమరీ 3:1 లేదా 4:1 నిష్పత్తిలో ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదని కెర్నల్ పత్రాలు సూచిస్తాయి. 63:1 మాత్రం అసాధ్యమని అవే పత్రాలు చెబుతాయి. 64వ వంతు వివరపత్రాలకే పోతుంది కనుక, ఆ నిష్పత్తిలో కెర్నల్‌కు మిగిలిన చోటంతా లెక్కలకే సరిపోతుంది. ఇంతకు ముందు చెప్పిన 64 బైట్ల చిన్న వివరం ఇక్కడ వ్యవస్థ హద్దుగా నిలిచింది.

ఇంత చేసినా తొలగింపుకు హామీ లేదు. కొన్ని పరికరాలు ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలో రాస్తాయి. వాటి కోసం ఒక పేజీని దీర్ఘకాలం బిగించి ఉంచితే అది కదలదు. అందుకని అలా బిగించే ముందు పేజీని కదిలే మండలం నుంచి బయటకు తరలించాలన్న నియమం తరువాతి కాలంలో ఏర్పడింది.

6. ఆర్కిటెక్చర్ల అనుభవం

6.1 పవర్

ఐబీఎం పవర్ సర్వర్లలో ఒక యంత్రాన్ని పలు తార్కిక విభాగాలుగా పంచే హైపర్‌వైజర్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. విభాగాల మధ్య మెమరీ నడుస్తుండగానే చేతులు మారడం అక్కడి వ్యాపార అవసరం. లినక్స్‌లో చేర్పు తొలి అడుగులలోనే ఈ ఆర్కిటెక్చర్‌కు స్థానం దక్కడానికి, 2008 నాటికే తొలగింపు దిశగా అది సాగడానికి కారణం ఇదే. ఇచ్చేది, తీసుకొనేది ఒక్కరే. వారితో మాట్లాడే భాష కూడా స్థిరమైనదే. ఏ ముక్క ఎవరి దగ్గర ఉందో డివైస్ ట్రీలో నమోదై ఉంటుంది.

అయితే ఇక్కడొక పాత ముడి ఉంది. పవర్ యంత్రాలలో చిరునామాల అనువాదానికి చాలాకాలం వాడినది హ్యాష్ పట్టిక. విభాగానికి గరిష్ఠంగా ఎంత మెమరీ రావచ్చునని ముందు ప్రకటించారో దానిని బట్టి ఈ పట్టిక పరిమాణం నిర్ణయమయ్యేది. కొద్ది మెమరీతో మొదలై చాలా ఎదగాలనుకొనే విభాగం, ఇంకా రాని మెమరీ కోసం పెద్ద పట్టికను మోయవలసి వచ్చేది. నడుస్తుండగానే ఈ పట్టిక పరిమాణం మార్చుకొనే సదుపాయం 2017లో 4.11 వెర్షన్‌తో లభించింది.

6.2 ఎస్390

మెయిన్‌ఫ్రేమ్ వంశానికి చెందిన ఎస్390లో మరొక సంప్రదాయం కనిపిస్తుంది. అక్కడ కొంత మెమరీ 'నిరీక్షణ'లో ఉంటుంది. అది ఉందని విభాగానికి తెలుసు, కాని ఇంకా చేతికి రాలేదు. 2008లో వచ్చిన లినక్స్ మద్దతు ఈ పద్ధతినే అనుసరించింది. బూట్ సమయంలోనే నిరీక్షణ మెమరీనంతటినీ ప్రవేశం లేని స్థితిలో లెక్కలో చేర్చుకుంటుంది. నిర్వాహకుడు ఒక దిమ్మెకు ప్రవేశం కల్పించబోతే, కెర్నల్ అప్పుడు హైపర్‌వైజర్‌ను అడిగి ఆ మెమరీని తెచ్చుకుంటుంది. ఉపసంహరించినప్పుడు తిరిగి అప్పగిస్తుంది.

అందువల్ల ఎస్390లో మెమరీ వచ్చేది, పోయేది ప్రవేశ, ఉపసంహరణ దశలలోనే. చేర్పు, తొలగింపు దాదాపు నామమాత్రం. ఈ ఆర్కిటెక్చర్‌లోని 'ఆర్చ్_రిమూవ్_మెమరీ' ఫంక్షన్ ఏళ్ల తరబడి ఏ పనీ చేయకుండా, సాధ్యం కాదన్న సంకేతాన్ని మాత్రమే తిప్పి పంపేది. తొలగింపును కోరగల హార్డ్‌వేర్ గాని, ఫర్మ్‌వేర్ గాని అక్కడ లేదని మూలపాఠంలోని వ్యాఖ్య వివరించేది. 2019లో సామాన్య భాగాన్ని చక్కదిద్దే క్రమంలో అది నిజమైన ఫంక్షన్‌గా మారింది. మద్దతు లేదని పైకి కనిపించే ఆర్కిటెక్చర్ నిజానికి ఆ అవసరాన్ని మరొక దశలో తీర్చుకొని ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

6.3 ఎక్స్86-64

ఎక్స్86 ప్రపంచంలో ఒకే యజమాని లేడు. ప్రాసెసర్ ఒకరిది, బోర్డు మరొకరిది, ఫర్మ్‌వేర్ ఇంకొకరిది. వారందరి మధ్య ఒప్పందపత్రం ఏసీపీఐ ప్రమాణం. ఏ మెమరీ తీయదగినదో, ఏది ఏ నోడ్‌కు చెందుతుందో, ఎప్పుడు తీయమని కోరుతున్నారో కెర్నల్‌కు చెప్పేది ఏసీపీఐ పట్టికలే.

ఇక్కడ చేర్పు 2006లోనే వచ్చినా, పలకను నిజంగా బయటకు తీయగల తొలగింపు 2013 ఏప్రిల్‌లో వెలువడిన 3.9 వెర్షన్‌ దాకా రాలేదు. ఫుజిట్సు ఇంజినీర్లు ఈ పనిలో ముందు నిలిచారు. ప్రత్యక్ష చిత్రణను ఎక్స్86-64 పెద్దపెద్ద పేజీలతో, 2 మెగాబైట్లు, 1 గిగాబైటు కొలతలతో రాస్తుంది. అందులో ఒక భాగాన్ని మాత్రమే చెరపాలంటే పెద్ద పేజీని చీల్చాలి, ఖాళీ అయిన పట్టికలను విడిపించాలి, ప్రాసెసర్లన్నిటిలోను దాచి ఉంచిన పాత అనువాదాలను రద్దు చేయాలి. దానికి తోడు, బూట్ సమయంలో కెర్నల్ తన తొలి కేటాయింపులను తీయదగిన నోడ్‌లో చేసుకుంటే ఆ నోడ్ ఎప్పటికీ ఖాళీ కాదు. తీయదగిన నోడ్ ఏదో తెలిపే పట్టికను కెర్నల్ చదివే లోపే ఈ కేటాయింపులు మొదలవుతాయి. ఈ క్రమాన్ని సరిదిద్దడానికి 'మూవబుల్_నోడ్' అనే బూట్ ఎంపికను ప్రవేశపెట్టవలసి వచ్చింది.

32 బిట్ల ఎక్స్86కు తొలి రోజులలో చేర్పు మద్దతు ఉండేది. వాడేవారు కరువై, నిర్వహణ భారమై 5.16 వెర్షన్ నాటికి ఈ సదుపాయాన్ని 64 బిట్ల యంత్రాలకే పరిమితం చేశారు. ఐటానియం ఆర్కిటెక్చర్‌నైతే 2024 జనవరిలో వచ్చిన 6.7 వెర్షన్‌లో పూర్తిగా తొలగించారు. హాట్‌ప్లగ్ తొలి అభివృద్ధికి ప్రేరణగా నిలిచిన యంత్రాలలో ఒకటి ఆ విధంగా కనుమరుగైంది. దాని కోసం రాసిన సామాన్య భాగం మాత్రం మిగిలింది.

6.4 ఆర్మ్64

ఆర్మ్64కు చేర్పు 2019 మార్చిలో 5.0 వెర్షన్‌తోను, తొలగింపు 2020 మేలో 5.7 వెర్షన్‌తోను లభించాయి. చిన్న పరికరాల నుంచి సర్వర్లకు ఎదిగిన ఆర్కిటెక్చర్ కావడం వల్ల అవసరమే ఆలస్యంగా వచ్చింది. అయితే ఆలస్యంగా వచ్చినవారికి ఇతరుల అనుభవం అందుతుంది. తొలగింపు సమయంలో పేజీ పట్టికలను విడిపిస్తుండగా, పరిశీలన కోసం అదే పట్టికలను చదివే మరొక భాగం విడిపోయిన జాగాలోకి అడుగు పెట్టే ప్రమాదం ఉంది. అందుకు తాళం ఏర్పాటు చేయవలసి వచ్చింది.

అంతకంటె ఆసక్తికరమైనది మరొక నిర్ణయం. బూట్ సమయంలో ఉన్న మెమరీని ఆర్మ్64 ఉపసంహరించనివ్వదు. తరువాత చేర్చిన మెమరీని మాత్రమే తీయవచ్చు. ఎందుకంటె, నడుస్తున్న కెర్నల్ నుంచి నేరుగా మరొక కెర్నల్‌ను ప్రారంభించే కెఎగ్జెక్ పద్ధతిలో కొత్త కెర్నల్ ఫర్మ్‌వేర్ ఇచ్చిన పాత మెమరీ పటాన్నే చదువుతుంది. ఆ పటంలో తొలగించిన మెమరీ ఇంకా ఉన్నట్లే ఉంటుంది. లేని మెమరీని ఉందనుకొని వాడితే యంత్రం కూలుతుంది. ప్రాసెసర్ ఆదేశాలలో ఈ నిషేధానికి కారణం లేదు. పటాన్ని దిద్దే అధికారం కెర్నల్‌కు లేకపోవడమే కారణం.

ఖండం పరిమాణంలోను ఆర్మ్64 తన తొలి నిర్ణయాన్ని సవరించుకుంది. మొదట 1 గిగాబైటుగా ఉన్న ఖండాన్ని 2021లో 4 కిలోబైట్ల పేజీలు వాడే అమరికకు 128 మెగాబైట్లకు తగ్గించారు.

6.5 రిస్క్-5

2024 సెప్టెంబరులో వచ్చిన 6.11 వెర్షన్‌తో రిస్క్-5 ఈ వరుసలో చేరింది. ప్రాసెసర్ నిర్మాణం నిజంగా తేడా చూపే చోటు ఏదో ఇక్కడ స్పష్టమవుతుంది. ఆర్మ్64లో కెర్నల్ పేజీ పట్టికకు ప్రత్యేకమైన మూలం ఉంటుంది. కనుక కొత్త చిత్రణను ఒకచోట రాస్తే అన్ని ప్రోగ్రాములకూ కనిపిస్తుంది. ఎక్స్86-64లోను, రిస్క్-5లోను ప్రతి ప్రోగ్రాము మూలపట్టికలోనూ కెర్నల్ భాగం ప్రతిగా ఉంటుంది. కొత్త మెమరీ రాకతో మూలపట్టికలో కొత్త పంక్తి అవసరమైతే అది అన్ని ప్రతులకూ చేరాలి. ఎక్స్86-64 ఆ ప్రతులను అప్పటికప్పుడు సరిచూసుకుంటుంది. రిస్క్-5 రచయితలు ప్రత్యక్ష చిత్రణకు కావలసిన మూలపంక్తులను ముందే కేటాయించి ఉంచారు. ఒకే సమస్యకు ఇవి రెండు జవాబులు.

7. జరిగిన సరిహద్దు

2015 తరువాత మెమరీ అన్న మాటకే అర్థం విస్తరించింది. విద్యుత్తు పోయినా చెరగని మెమరీని 2019లో 5.1 వెర్షన్ నుంచి సాధారణ మెమరీగా చేర్చుకొనే వీలు కలిగింది. అందుకు వాడిన మార్గం హాట్‌ప్లగే. ఆ మెమరీని తయారు చేసిన ఇంటెల్ తన ఆప్టేన్ వ్యాపారాన్ని 2022లో విరమించుకున్నా, వేసిన దారి వృథా కాలేదు. సీఎక్స్ఎల్ అనుసంధానం ద్వారా వచ్చే మెమరీ కూడా అదే దారిన కెర్నల్‌లోకి ప్రవేశిస్తోంది.

వర్చువల్ యంత్రాలలో మార్పు ఇంకా లోతైనది. అతిథి యంత్రం లోపలి నుంచి పేజీలను లాగి హైపర్‌వైజర్‌కు ఇచ్చే 'బెలూన్' పద్ధతిని కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో వీఎంవేర్ సందర్భంలో వివరించారు. అందులో మెమరీ తిరిగి వస్తుంది, కాని అతిథి సహకారం మీదే అది ఆధారపడి ఉంటుంది. ఏసీపీఐ పద్ధతిలో పలక మొత్తంగా కదలాలి. ఈ రెండింటి నడుమ మార్గంగా డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ రూపొందించిన వర్టియో-మెమ్ 2020 ఆగస్టులో 5.8 వెర్షన్‌లో చేరింది. అది మెమరీ దిమ్మెకంటె చిన్న ముక్కలను కూడా చేర్చగలదు, తీయగలదు. మొదట ఎక్స్86-64కు మాత్రమే ఉన్న ఈ పరికరం తరువాత ఆర్మ్64, రిస్క్-5, ఎస్390లకు విస్తరించింది. ఫర్మ్‌వేర్ వేరైనా, ఆర్కిటెక్చర్ వేరైనా, ఇచ్చిపుచ్చుకొనే భాష ఒక్కటే కావడం దీని విశేషం.

చేర్చిన మెమరీ వివరపత్రాలకు చోటు ఎక్కడన్న పాత ప్రశ్నకు కూడా 2021లో 5.13 వెర్షన్ ఒక జవాబు ఇచ్చింది. 128 మెగాబైట్ల ఖండానికి 2 మెగాబైట్ల వివరపత్రాలు కావాలి. వాటిని ఆ ఖండంలోనే పెట్టే ఎంపిక వచ్చింది. మెమరీ కొరతతో అల్లాడుతున్న యంత్రానికి మెమరీ చేర్చబోతే, చేర్చడానికే మెమరీ చాలని వైపరీత్యం దీనితో తగ్గింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. మెమరీ చేర్పు లెక్కల సమస్య. తొలగింపు బంధాల సమస్య. 2006కు, 2020కి నడుమ ఉన్న దూరంలో ఎక్కువ భాగం ఈ తేడా నుంచే వచ్చింది.

2. పేజీ పట్టికల నిర్మాణం వంటి ప్రాసెసర్ లక్షణాలు అమలు తీరును ప్రభావితం చేశాయి. కాని ఏ ఆర్కిటెక్చర్ ఎప్పుడు, ఏ దశలో, ఎంతవరకు మద్దతు ఇచ్చిందన్నది మెమరీ మీద అధికారం గల శక్తిని బట్టి నిర్ణయమైంది. పవర్‌లో హైపర్‌వైజర్, ఎక్స్86-64లో ఏసీపీఐ, ఆర్మ్64లో మారని ఫర్మ్‌వేర్ పటం ఇందుకు నిదర్శనాలు.

3. ఒక ఆర్కిటెక్చర్‌లో ఒక ఫంక్షన్ ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆ సామర్థ్యం లేదని చెప్పడం సరికాదు. ఎస్390 అనుభవం దీనిని నిరూపిస్తుంది. కెర్నల్ చరిత్రను మూలపాఠంలోని పేర్లతోనే కాక, ఆ యంత్రాల వాడుక సంప్రదాయాలతో కలిపి చదవాలి.

4. ఆర్కిటెక్చర్‌కు, సామాన్య భాగానికి నడుమ సరిహద్దు క్రమంగా ఆర్కిటెక్చర్ వైపుకు జరిగింది. నేడు ఆర్కిటెక్చర్‌కు ప్రధానంగా మిగిలినవి పేజీ పట్టికలు రాయడం, చెరపడం, నోడ్‌ను గుర్తించడం, చిరునామాల హద్దులు చెప్పడం. మిగిలిన భారాన్ని సామాన్య భాగం మోస్తోంది.

5. యంత్రాలు అంతరించినా వాటి అవసరాల కోసం పుట్టిన ఆలోచనలు నిలుస్తాయి. ఐటానియం, ఆప్టేన్ రెండూ తెరమరుగయ్యాయి. వాటి కోసం తీర్చిదిద్దిన మార్గాలలోనే నేటి వర్చువల్ యంత్రాల మెమరీ, సీఎక్స్ఎల్ మెమరీ రాకపోకలు సాగిస్తున్నాయి.

కెర్నల్ సొంత పేజీని కదపడం నేటికీ సాధారణ పరిష్కారం లేని సమస్యగానే ఉంది. ప్రత్యక్ష చిత్రణ ఇచ్చే వేగాన్ని వదులుకోవడానికి ఏ ఆర్కిటెక్చరూ సిద్ధపడలేదు. బూట్ నాటి పటం మారదన్న తొలి నమ్మకం చాలావరకు సడలినా, ఈ ఒక్కచోట అది ఇంకా అలాగే ఉంది. ఇకపై జరిగే పరిశోధన దృష్టి పెట్టవలసినది దీనిమీదనే.